టోయింగ్ బండికి ఇన్సూరెన్స్: తిరుపతి, చిత్తూరు వాళ్లు తెలుసుకోవాల్సినదంతా

తిరుపతి చుట్టుపక్కల టోయింగ్ పనికి కొదవ లేదు. చెన్నై నుంచి, బెంగళూరు నుంచి దర్శనానికి వచ్చే కార్లు తిరుమల ఘాట్ ఎక్కుతూ వేడెక్కి ఆగిపోతాయి, క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి. పలమనేరు దారిలో మొగిలి ఘాట్, పీలేరు దారిలో భాకరాపేట ఘాట్ లారీలకు ఎప్పుడూ కష్టమైన చోట్లే. మామిడి సీజన్‌లో చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలకు వచ్చే బళ్ల రద్దీ వేరు. ఇదంతా చూసి చాలామంది కుర్రాళ్లు సెకండ్ హ్యాండ్ లారీ ఒకటి కొని, హైడ్రాలిక్ బల్ల కట్టించి, వించ్ (బండిని తాడుతో లాగే యంత్రం) బిగించి పనిలో దిగుతున్నారు. బండి ధర, బాడీ ఖర్చు, లోన్ కంతు అన్నీ పక్కాగా లెక్క వేసుకుంటారు. ఇన్సూరెన్స్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం “ఎఫ్‌సీకి సరిపోయేది కట్టేయ్ అన్నా” అని ఏజెంట్‌కు చెప్పి వదిలేస్తారు.

ఎఫ్‌సీకి (బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) సరిపోయే పాలసీ వేరు, ఈ పనికి సరిపోయే పాలసీ వేరు. మొదటిది ఆర్టీవో ఆఫీసులో, చెకింగ్‌లో పనికొస్తుంది. కస్టమర్ కారు బల్ల మీద నుంచి జారి పడిన రోజున పనికొచ్చేది రెండోది. ఆ రెండోదాన్ని ఎలా కట్టుకోవాలో, ఎంత ఖర్చవుతుందో వరసగా చెప్తాను.

మొదట ఆర్‌సీ తీసి చూడండి

ఇన్సూరెన్స్ కంపెనీ మీ బండిని ఏ కేటగిరీలో చూస్తుందో నిర్ణయించేది ఆర్‌సీలో ఉన్న వెహికల్ క్లాస్. రవాణా శాఖ వాహన్ రికార్డుల్లో రికవరీ వెహికల్, బ్రేక్‌డౌన్ వ్యాన్, టో ట్రక్, క్రేన్ మౌంటెడ్ వెహికల్ అని విడివిడిగా క్లాసులు ఉన్నాయి. మామూలు లారీ కొని బల్ల కట్టించిన వాళ్లలో చాలామంది ఆర్‌సీలో మాత్రం ఇంకా గూడ్స్ క్యారియర్ అనే ఉంటుంది. బాడీ మార్చాక ఆ మార్పును ఆర్టీవో దగ్గర ఆర్‌సీలో ఎక్కించాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్పేది ఇదే. ఎక్కించకపోతే రేపు కంపెనీ తరఫున నష్టం చూసే సర్వేయర్ వచ్చి “ఆర్‌సీలో ఉన్న బండి ఇది కాదు” అని రాసుకుంటే మీ దగ్గర జవాబు ఉండదు.

క్లాస్‌ను బట్టి రెండు విషయాలు మారతాయి. ఒకటి పర్మిట్. చెడిపోయిన బండిని లాగడానికి, లేదా దానిలోని సరుకును భద్రమైన చోటికి చేర్చడానికి మాత్రమే వాడే బండికి పర్మిట్ అక్కర్లేదని 66వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. ఇక్కడ ‘మాత్రమే’ అన్న మాట చాలా ముఖ్యం. పని లేని రోజు అదే బల్ల మీద సిమెంటు బస్తాలో, ఇంటి సామానో వేసుకుని వెళ్తే ఆ మినహాయింపు పోతుంది. పర్మిట్ లేకుండా తిప్పడం పాలసీ షరతును మౌలికంగా ఉల్లంఘించడమేనని సుప్రీంకోర్టు 2018లో అమృత్ పాల్ సింగ్ కేసులో చెప్పింది. అప్పుడు కంపెనీ బాధితుడికి డబ్బు కట్టి, తర్వాత ఆ మొత్తాన్ని మీ దగ్గర వసూలు చేసుకుంటుంది.

రెండోది ప్రీమియం. దాని లెక్క కింద వస్తుంది.

థర్డ్ పార్టీ: ఇది లేకుండా రోడ్డెక్కకూడదు

146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ, అంటే మీ బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి బీమా, తప్పనిసరి. లేకుండా దొరికితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా గానీ, మూడు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. మళ్లీ దొరికితే జరిమానా 4,000. అసలు భయపడాల్సింది జరిమానాకు కాదు. మనిషి చనిపోతే ట్రిబ్యునల్ వేసే పరిహారం లక్షల్లో ఉంటుంది. పాలసీ లేకపోతే అది మీ ఇంటి మీదికి, పొలం మీదికి వస్తుంది. ఎదుటివాళ్ల ఆస్తికి జరిగిన నష్టానికి మాత్రం మామూలు పాలసీలో 7.5 లక్షల వరకే కవర్ ఉంటుంది.

ఈ ప్రీమియం కంపెనీ ఇష్టం కాదు, కేంద్రం నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్లలో అద్దెకు తిరిగే గూడ్స్ బండి మొత్తం బరువు 7,500 కిలోల లోపు అయితే 16,049 రూపాయలు. 12,000 కిలోల వరకు 27,186, 20,000 వరకు 35,313, 40,000 వరకు 43,950. రికవరీ, బ్రేక్‌డౌన్ బళ్లు వచ్చే ‘మిసిలేనియస్ అండ్ స్పెషల్ టైప్’ కేటగిరీకి 7,267 రూపాయలే. రెన్యువల్ రోజున అమల్లో ఉన్న రేటే వర్తిస్తుంది కాబట్టి కట్టే ముందు ఒకసారి అడగండి.

ఈ తేడా చూసి ఆర్‌సీలో గూడ్స్ అని ఉన్న బండికి మిసిలేనియస్‌లో పాలసీ చేయిస్తామనే ఏజెంట్లు ఉంటారు. దయచేసి ఒప్పుకోకండి. ఆర్‌సీ ఒకటి, పాలసీ ఇంకొకటి చెప్తుంటే క్లెయిమ్ నిలబడదు. తక్కువ ప్రీమియం కావాలంటే ముందు ఆర్‌సీ మార్పించుకోండి, అదే సరైన దారి.

పాలసీలో మూడో సెక్షన్ చదవండి

ఈ మొత్తంలో మీరు ఒక్క విషయమే గుర్తుపెట్టుకుంటే ఇదే పెట్టుకోండి. మన దేశంలో కమర్షియల్ బళ్లకు ఇచ్చే ప్యాకేజీ పాలసీలో నాలుగు సెక్షన్లు ఉంటాయి. మొదటిది మీ బండికి జరిగే నష్టం, రెండోది థర్డ్ పార్టీ, మూడోది చెడిపోయిన బళ్లను లాగడం, నాలుగోది ఓనర్ డ్రైవర్‌కు ప్రమాద బీమా.

మూడో సెక్షన్ చెప్పేది ఇది: మీ బండి చెడిపోయిన వాహనం ఒకదాన్ని లాగుతున్నప్పుడు కూడా పాలసీ పనిచేస్తుంది, కానీ రెండు షరతులు. లాగినందుకు డబ్బు తీసుకోకూడదు. లాగుతున్న బండికి, దానిలోని సరుకుకు జరిగే నష్టానికి కంపెనీ బాధ్యత పడదు.

మన పనే డబ్బు తీసుకుని లాగడం! అంటే గూడ్స్ బండికి ఇచ్చే మామూలు ఫుల్ ఇన్సూరెన్స్ పెట్టుకుని, ముందు చక్రాలు హుక్‌కు ఎత్తి రేణిగుంట రోడ్డులో కారును లాక్కెళ్తుంటే, జరగరానిది జరిగినప్పుడు కంపెనీ ఆ షరతునే ముందు పెడుతుంది. ఫ్లాట్‌బెడ్ వాళ్ల పరిస్థితి కొంచెం వేరు. బల్ల మీదికి పూర్తిగా ఎక్కించిన కారు లాగుతున్న బండి కాదు, మోస్తున్న సరుకు. అందువల్ల ‘డబ్బు తీసుకుని లాగడం’ అనే చిక్కు రాదు గానీ, మోస్తున్న సరుకుకు జరిగే నష్టం రెండో సెక్షన్‌లోనూ మినహాయింపే.

కాబట్టి ప్రపోజల్ ఫారంలో ‘బండి దేనికి వాడతారు’ అన్న గడిలో రికవరీ పని, కిరాయికి టోయింగ్ అని స్పష్టంగా రాయించండి. పాలసీ వచ్చాక వాడకం పరిమితులు ఉన్న భాగంలో అదే మాట ఉందో లేదో చూడండి. లేకపోతే ఎండార్స్‌మెంట్ (పాలసీకి జత చేసే సవరణ కాగితం) అడగండి. అన్ని కంపెనీలూ టోయింగ్ బళ్లను ఇష్టంగా తీసుకోవు. ప్రభుత్వ రంగంలో న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా, ఓరియంటల్, నేషనల్ ఉన్నాయి. వాటి బ్రాంచికి నేరుగా వెళ్లి మాట్లాడితే, ఫోన్‌లో ఏజెంట్ చెప్పే దానికంటే సూటిగా తెలుస్తుంది. నోటిమాట ఎవరు చెప్పినా నమ్మకండి, కాగితం మీద ఉన్నదే లెక్క.

బల్ల మీద ఉన్న కస్టమర్ కారు

అలిపిరి దగ్గర ఆగిపోయిన ఇన్నోవాను ఎక్కిస్తున్నారనుకుందాం. వించ్ తాడు లాగుతుంటే కారు ముక్కాలు వంతు బల్ల ఎక్కాక హుక్ జారింది. కారు వెనక్కి దొర్లి డివైడర్‌కు తగిలింది. బంపర్, డిక్కీ డోరు, సెన్సార్లు అన్నీ కలిపి షోరూం ఎస్టిమేట్ లక్ష దాటుతుంది. మీ మోటార్ పాలసీ దీనికి ఒక్క రూపాయి ఇవ్వదు.

కస్టమర్‌కు ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే వాళ్ల పాలసీ పనికొస్తుంది కదా అంటారు. పనికొస్తుంది. మామూలు మోటార్ పాలసీలో రోడ్డు మీదో, రైల్లోనో రవాణా అవుతున్నప్పుడు జరిగే నష్టం కూడా కవర్ అవుతుంది. కానీ ఆ కంపెనీ కస్టమర్‌కు డబ్బు ఇచ్చేసి, ఆయన హక్కును తాను తీసుకుని, మీకు నోటీసు పంపొచ్చు. మీ చేతికి అప్పగించిన వస్తువును, మామూలు తెలివి ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా చూడాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ చెప్తుంది. తాళం మీ చేతికి వచ్చిన క్షణం నుంచి ఆ బాధ్యత మీదే.

దీనికి తీసుకోవాల్సింది క్యారియర్స్ లీగల్ లయబిలిటీ పాలసీ. మోస్తున్న వస్తువుకు మీ వైపు నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగితే, చట్టప్రకారం మీరు కట్టాల్సింది ఇది కడుతుంది. రేటు స్థిరంగా ఉండదు. మీ బళ్లెన్ని, ఏడాదికి ఎంత కిరాయి, ఎంత లిమిట్ అడుగుతున్నారు అన్నది చూసి కంపెనీ చెప్తుంది. కొనే ముందు మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి. ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు జరిగే నష్టం ఉందా? చాలా గీతలు, దెబ్బలు పడేది దారిలో కాదు, ఈ రెండు చోట్లే. హుక్‌కు తగిలించి లాగే పని ఉందా, బల్ల మీద మోసేది మాత్రమేనా? రాత్రి బండిని ఎక్కడైనా నిలిపితే కవర్ ఉంటుందా?

లిమిట్ ఎంత పెట్టుకోవాలి? మీరు మోసే సగటు కారు ధర చూసి కాదు, మీ బల్ల ఎక్కే అత్యంత ఖరీదైన కారు చూసి. తిరుమల దారిలో నలభై లక్షలు దాటిన బళ్లు రోజూ కనిపిస్తాయి. అంత లిమిట్ ప్రీమియం భరించలేమనుకుంటే, అలాంటి బండి వచ్చినప్పుడు కిరాయి ఒప్పుకోవద్దు. నా అభిప్రాయంలో ఇదొక్కటే నిజాయితీ అయిన మధ్యే మార్గం.

బండి రాత్రికి మీ షెడ్డులోనే ఉండిపోతే అది రవాణా కిందకు రాదు. షెడ్డుకు ఫైర్ పాలసీ తీసుకునేటప్పుడు, మీ ఆధీనంలో ఉన్న ఇతరుల ఆస్తి అని ప్రత్యేకంగా రాయించాలి. గ్యారేజీ కూడా నడిపేవాళ్లు మోటార్ ట్రేడ్ ఇంటర్నల్ రిస్క్ పాలసీ గురించి అడగొచ్చు.

పాలసీతో పాటు చేతిలో జాబ్ షీట్ పుస్తకం ఉండాలి. ఎక్కించక ముందే కారుకు నాలుగు వైపులా ఫోటోలు, పాత గీతలు, కిలోమీటర్ రీడింగ్, లోపల ఉన్న బ్యాగులు, ఫోన్లు రాసి కస్టమర్ సంతకం తీసుకోండి. ఆటోమేటిక్, ఫోర్ వీల్ డ్రైవ్, కరెంటు కార్లను చక్రాలు నేలకు ఆనించి లాగితే గేర్‌బాక్స్, మోటారు పాడవుతాయి. అవి బల్ల మీదికే ఎక్కాలి. తెలిసీ హుక్‌కు లాగితే అది ప్రమాదం కాదు, మీ తప్పు అని ఏ కంపెనీ అయినా అంటుంది.

ఇంకొకటి. చంటిపిల్లలతో ఉన్న కుటుంబం “కార్లోనే కూర్చుంటాం అన్నా, పదిహేను కిలోమీటర్లే కదా” అని బతిమాలుతుంది. జాలి పడి బల్ల మీది కారులో మనుషుల్ని కూర్చోబెట్టకండి. మీ క్యాబిన్‌లో కూడా ఆర్‌సీలో రాసిన సీట్లకు మించి ఎక్కించకండి. వాళ్లకు వేరే టాక్సీ మాట్లాడి పంపండి.

మీ సొంత బండి

ఐడీవీ అంటే బండి పూర్తిగా పోతే వచ్చే గరిష్ఠ మొత్తం. చాలామంది చాసిస్ విలువే రాయిస్తారు. హైడ్రాలిక్ బల్ల, వించ్, లైట్ బార్ లక్షల్లో ఖర్చు పెట్టినవి పాలసీలో కనిపించవు. బాడీ కట్టిన వాళ్ల దగ్గర జీఎస్‌టీ బిల్లు తీసుకుని, ఆ విలువను విడిగా చేర్పించండి.

కమర్షియల్ పాలసీల్లో ఇంకో చిక్కుంది. బంపర్, హెడ్‌లైట్లు, మడ్‌గార్డులు, బానెట్, పక్క భాగాలు, టైర్లు, పెయింటు వీటికి మామూలుగా డబ్బు రాదు. ఐఎంటీ (ఇండియా మోటార్ టారిఫ్) 23 అనే ఎండార్స్‌మెంట్ తీసుకుంటేనే వస్తుంది. దానికి సొంత నష్టం ప్రీమియం మీద 15 శాతం అదనం. ఇరుకు సందుల్లో, రోడ్డు అంచుల్లో పనిచేసే బండికి మొదట తగిలేవే ఇవి కాబట్టి తప్పకుండా తీసుకోండి. అయినా టైర్లు, బ్యాటరీ, ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం తరుగు తీసేస్తారు.

క్రేన్ ఉన్నవాళ్లు ఐఎంటీ 47 గురించి తప్పక అడగాలి. క్రేన్ రోడ్డు మీద వెళ్తున్నప్పుడు అది వాహనం. కాళ్లు దించి బోల్తా పడిన లారీని ఎత్తుతున్నప్పుడు అది పనిముట్టు. పనిముట్టుగా వాడుతూ క్రేన్ ఒరిగి పడిపోతే మామూలు పాలసీ కట్టదు. అదనపు ప్రీమియం కట్టి ఆ ‘ఓవర్‌టర్నింగ్’ కవర్ తీసుకోవాలి. ఘాట్‌లో వాలు మీద నిలబడి లారీ ఎత్తే వాళ్లకు ఇది లేకపోతే ఒక్క పూటలో వ్యాపారం మూతపడుతుంది.

మీ దగ్గర పనిచేసే మనుషులు

ఈ పనిలో ఎక్కువ ప్రమాదం స్టీరింగ్ దగ్గర కాదు, రోడ్డు మీద వంగి హుక్ తగిలించే వాడికి. నాయుడుపేట హైవే మీద రాత్రిపూట వెనక నుంచి వచ్చే లారీ డ్రైవర్‌కు ఆ కుర్రాడు కనిపించడు. రిఫ్లెక్టర్ జాకెట్, కోన్లు, తిరిగే లైటు ఇవి ముందు కొనండి.

పాలసీలో ఐఎంటీ 28 కింద జీతం తీసుకునే డ్రైవర్, క్లీనర్‌కు మీ చట్టబద్ధ బాధ్యత కవర్ అవుతుంది. మనిషికి ఏడాదికి 50 రూపాయలే. ఎంతమంది ఉంటే అంతమందికి కట్టండి. షెడ్డులో పనిచేసేవాళ్లు దీని కిందకు రారు. వాళ్లకు వర్క్‌మెన్ కాంపెన్సేషన్ పాలసీ విడిగా ఉండాలి. ఉద్యోగుల పరిహార చట్టం 1923 స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. చట్టం పేరు మారినా పనిలో జరిగిన ప్రమాదానికి యజమాని బాధ్యత అలాగే ఉంది.

మీ పేరు మీద బండి ఉండి, మీకు లైసెన్స్ ఉంటే 15 లక్షల ఓనర్ డ్రైవర్ ప్రమాద బీమా తప్పనిసరి. లైసెన్స్ సంగతికి వస్తే, మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న ట్రాన్స్‌పోర్ట్ బండిని మామూలు ఎల్‌ఎంవీ (లైట్ మోటార్ వెహికల్) లైసెన్స్‌తో నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్ 6న తేల్చి చెప్పింది. అంతకు మించిన బండికి తగిన ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్ లేని డ్రైవర్‌ను పెడితే, కంపెనీ బాధితుడికి కట్టి మీ దగ్గర రాబట్టుకుంటుంది.

మొత్తం ఎంత అవుతుంది

గూడ్స్ క్లాస్‌లో ఉన్న ఫ్లాట్‌బెడ్, మొత్తం బరువు 7,500 కిలోల లోపు, బాడీతో కలిపి ఐడీవీ 12 లక్షలు, వయసు ఐదేళ్ల లోపు అనుకుందాం. పాత టారిఫ్‌లో మహానగరాలు జోన్ ఎ, మిగతా రాష్ట్ర రాజధానులు జోన్ బి, మనలాంటి ఊళ్లు జోన్ సి. జోన్ సిలో గూడ్స్ బండికి సొంత నష్టం రేటు ఐడీవీ మీద 1.726 శాతం, అంటే 20,712 రూపాయలు. ఐఎంటీ 23కి 15 శాతం, 3,107. కలిపి 23,819, దాని మీద 18 శాతం జీఎస్‌టీతో 28,106. థర్డ్ పార్టీ 16,049. గూడ్స్ బళ్ల థర్డ్ పార్టీ మీద జీఎస్‌టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి 16,851. రెండూ కలిపితే 45 వేల దగ్గర. ఓనర్ ప్రమాద బీమా, డ్రైవర్, క్లీనర్ కవర్ అదనం. క్యారియర్స్ లయబిలిటీ దీనికి బయట.

ఇది డిస్కౌంట్ లేని లెక్క. సొంత నష్టం రేట్లు 2007 నుంచి కంపెనీల చేతికే వచ్చాయి కాబట్టి అవి తగ్గిస్తాయి, బేరం ఆడండి. క్లెయిమ్ లేని ఏడాది తర్వాత నో క్లెయిమ్ బోనస్ 20 శాతంతో మొదలై 25, 35, 45, 50 వరకు పెరుగుతుంది. పైన చెప్పిన బండికి 20 శాతం బోనస్ అంటే పన్నుతో కలిపి 5,600 రూపాయలకు పైగా మిగులు. చిన్న గీతలకు క్లెయిమ్ వేసే ముందు ఈ లెక్క వేసుకోండి. గడువు దాటి 90 రోజుల్లో రెన్యువల్ చేయకపోతే ఆ బోనస్ మొత్తం పోతుంది.

డబ్బు తగ్గించాలంటే వాలంటరీ డిడక్టిబుల్ గురించి, అంటే ప్రతి క్లెయిమ్‌లో కొంత మొత్తం మీరే భరిస్తానని ఒప్పుకోవడం గురించి మాట్లాడండి. లయబిలిటీ లిమిట్, ఐఎంటీ 47, మనుషుల కవర్ వీటిలో మాత్రం కోత పెట్టకండి. సొంత బండి దెబ్బ తింటే అప్పు చేసి బాగు చేయించుకోవచ్చు, వీటిలో తేడా వస్తే తేరుకోలేం.

పాలసీ చేతికొచ్చిన రోజు

ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్, మొత్తం బరువు, సీట్లు, బాడీ విలువ, ఐఎంటీ నంబర్లు, వాడకం అన్నీ ఆర్‌సీతో సరిపోల్చండి. ప్రీమియం కంపెనీకి చేరితేనే రిస్క్ మొదలవుతుందని ఇన్సూరెన్స్ చట్టం 64వీబీ సెక్షన్ చెప్తుంది. కాబట్టి ఏజెంట్ సొంత ఫోన్‌పేకి డబ్బు వేయకుండా కంపెనీ ఖాతాకే కట్టి రసీదు తీసుకోండి. ఎఫ్‌సీ ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. ఆ తేదీని, ఇన్సూరెన్స్ తేదీని ఒకేచోట గోడ మీద రాసి పెట్టుకోండి. బెంగళూరు, చెన్నై షోరూంలకు వెళ్లినా పాలసీ చెల్లుతుంది, దేశమంతా ఒకటే. పక్క రాష్ట్రం టాక్స్ వేరే సంగతి.

ప్రమాదం జరిగితే

మనిషికి దెబ్బ తగిలితే ముందు 108, తర్వాత పోలీసులు. ఆ వెంటనే కంపెనీ టోల్‌ఫ్రీకి ఫోన్ చేసి ఇంటిమేషన్ నంబర్ రాసుకోండి. పోలీసులు తియ్యమంటే తప్ప బండిని కదపకుండా స్పాట్ సర్వే చేయించండి. కదపాల్సి వస్తే ముందు చుట్టూ వీడియో తీయండి. జాబ్ షీట్, ఎక్కించే ముందు తీసిన ఫోటోలు, డ్రైవర్ లైసెన్స్, ఎఫ్‌సీ అన్నీ ఆ రోజే స్కాన్ చేసి పెట్టండి. తప్పు మాదేనని రాతపూర్వకంగా ఎవరికీ ఇవ్వకండి, బేరం కుదుర్చుకోకండి. కంపెనీకి తెలియకుండా ఒప్పుకున్న డబ్బు కంపెనీ కట్టదు.

క్లెయిమ్ అన్యాయంగా తిరస్కరించారనిపిస్తే ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయండి. అక్కడ పని జరగకపోతే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లో, లేదా 155255 నంబర్‌కు ఫిర్యాదు చేయొచ్చు. సొంత పేరు మీద నడిపే చిన్న వ్యాపారులు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి) దగ్గరికి కూడా వెళ్లొచ్చు. మన రాష్ట్రానికి ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల వరకు తీర్పు ఇవ్వగలదు. కంపెనీకి ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు రాకపోయినా, తిరస్కరించినా వెళ్లొచ్చు. తిరస్కరించిన తేదీ నుంచి ఏడాది లోపే వెళ్లాలి కాబట్టి కంపెనీ పంపిన ఉత్తరాన్ని కవరుతో సహా దాచి ఉంచండి.